వసంత ఆగిన పేజీ

లోపలికి నడిచేముందు వసంత తన కళ్లద్దాలు, చెవుల కమ్మలు, చాలావరకు చదివేసిన నవల, మూడూ కలిపి వెంకట్రాం ఒళ్లో పెట్టి, "ఇగో, ఇవి జర పైలం. ఉత్తగ ఫోన్ల మొకం పెట్టి కూసోకు. నేనొచ్చేదాంక గిది చదువుకుంట ఉండు" అన్నది, అంగడికి పోయి కూరగాయలు పట్టుకొస్తానని చెప్పినంత తేలిగ్గా. ఒంటిమీద దవాఖానవాళ్లు తొడిగిన పచ్చ గౌను, నెత్తికి పచ్చ టోపీ, ఎడమ కంటిపైన గుర్తుకోసం అంటించిన తెల్లటి పట్టీ ముక్క. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషి ఒక్కసారిగా ఎవరి తాలూకు మనిషో అయిపోయినట్టు కనిపించి వెంకట్రాం "సరే" అని మాత్రం అనగలిగాడు. తలుపు మూసుకుంది. దాని మీద ఎర్ర లైటు వెలిగింది. జనగామలోని ఆ కంటి దవాఖాన వరండా నిండా ఇనుప కుర్చీలు, ఒక్కో ముసలి కంటికి ఇద్దరు ముగ్గురు తోడు వచ్చిన జనం, ఫినాయిల్ వాసన. శుక్లాలే కదా, రోజూ చేసేదే అని పోయినసారి చూపించుకున్నప్పుడు డాక్టరు చెప్పాడు. చెప్పి, వసంత చీటీ మరోసారి చూసి, "కాకపోతే ఈమెకు ఉన్నది ఒక్క కన్నే" అని మెల్లగా అన్నాడు. ఆ "కాకపోతే" అప్పటినుంచీ వెంకట్రాం చెవి దగ్గర దోమలా తిరుగుతూనే ఉంది. తరిగొప్పులలో తన ఎరువుల దుకాణం షట్టర్ ఎత్తుతుంటే తిరిగింది, పొద్దున బస్సులో తిరిగింది, ఇప్పుడు ఎర్ర లైటు చుట్టూ తిరుగుతోంది.

వసంత చెప్పింది కాబట్టి పుస్తకం తెరిచాడు. ఆమె గుర్తు పెట్టుకున్న పేజీ దగ్గరే తెరుచుకుంది. "చంద్రి మోకాలి లోతు నీళ్లలో ఆగి వెనక్కి చూసింది." చదివాడు. జేబులో ఫోను వణికింది. తమ్ముడు యుగేందర్. పంచాయితీ ఎలక్షన్లలో సర్పంచ్‌గా నిలబడ్డాడు, వారంనుంచీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అన్నా, తండావాళ్లు ఏమంటున్నరు, అన్నా, ఫ్లెక్సీ మీద నీ ఫోటో చిన్నగ వచ్చింది ఏమనుకోకు. ఏమనుకోను అని రాసి పంపాడు. చంద్రి మోకాలి లోతు నీళ్లలో ఆగి వెనక్కి చూసింది. మళ్లీ వణికింది. ఊరి గ్రూపులో ఎవరో కంటి పొరలు కరిగించే ఆకు పసరు వీడియో పెట్టారు, కింద నలుగురు దండాలు పెట్టారు. ఒకరోజు ఆపరేషన్ గురించి వెతికాడు కదా, అప్పటినుంచీ ఆ ఫోను తెరిస్తే చాలు కళ్లే కనిపిస్తున్నాయి, ఎర్రబడ్డ కళ్లు, నీరు కారే కళ్లు, కత్తెర పట్టిన చేతులు. వద్దనుకుంటూనే ఒకటి చూస్తాడు, అది ఇంకోదాన్ని తోడు తెచ్చుకుంటుంది. చంద్రి మోకాలి లోతు నీళ్లలో ఆగి. పాపం ఆ పిల్ల ఎవరో గాని ఇతను ఒక్క వాక్యం దాటేలోగా వాగు ఎండిపోయేట్టుంది. ఎవరీ చంద్రి, ఎందుకు దిగింది నీళ్లలోకి, వెనక ఎవరున్నారు చూడటానికి? ఏమీ తెలియదు. వసంతైతే ఇప్పటికి ఆమెను అవతలి ఒడ్డుకు చేర్చి, తడిసిన చీర పిండించి, బువ్వ కూడా తినిపించేది.

వసంత చదువు అలాంటిది. గార్లలో వాళ్ల నాయిన కిరాణా కొట్టు నడిపేవాడు, బడి నుంచి రాగానే గ్రంథాలయానికి పోయి తలుపులు మూసేదాకా కూర్చునేదట. పిల్లను చూడటానికి వెంకట్రాం, వాళ్ల నాయిన కట్టయ్య, చిన్నాయినలు రైలెక్కి పోయిన రోజు గుర్తుకొచ్చింది. పెద్దవాళ్లు వానల గురించి మాట్లాడుకుంటుంటే ఆమె వాకిట్లోకి వచ్చి, వాళ్లనూ వీళ్లనూ కాదు, నేరుగా అతన్నే చూసి, "మావోళ్లు చెప్పిండ్రో లేదో. నాకు కుడికన్ను కనవడది. చిన్నప్పుడు చేన్ల పత్తికట్టె పొడుసుకుంది" అన్నది. వాకిలంతా గప్‌చుప్ అయింది. ఆమె నాయిన తల దించుకున్నాడు. ఏదో ఒకటి అనాలి, అనకపోతే ఆ మౌనం ఆ పిల్ల మీద పడుతుంది, అంతమాత్రం తెలిసింది వెంకట్రాంకు. "నాకు లెక్కలు రావు" అన్నాడు. ఎరువుల దుకాణం పెట్టబోయేవాడు, పదిమంది ముందర. ముందు కట్టయ్య నవ్వాడు, తర్వాత ఆమె నవ్వింది, ఆ నవ్వులో సంబంధం కుదిరిపోయింది. అత్తవారింటికి వస్తూ ఆమె తెచ్చుకున్న ట్రంకు పెట్టెను ఇద్దరు మోయలేక ముగ్గురు మోశారు. లోపల చీరలు పైన రెండు వరసలే.

ఎండాకాలం దుకాణంలో పని ఉండదు. యూరియా బస్తాల నీడలో కుర్చీ వేసుకుని వసంత చదివేది, పైకే చదివేది, ఎవరైనా వింటారని కాదు, అలవాటు. కూలి పనికి పోయొచ్చే ఆడవాళ్లు నీళ్లు తాగడానికి ఆగి, ఆగినవాళ్లు కూర్చుని, కూర్చున్నవాళ్లు లేవడం మరిచేవారు. బుచ్చవ్వ అని ఒక కూలి ముసలమ్మ మరునాడు పొద్దున్నే వచ్చి షట్టర్ దగ్గర నిలబడేది. "వసంతా, నిన్న గా పోరి అలిగి ఎల్లిపాయె గద, మల్ల ఏడికి పొయ్యింది? అన్నం తిన్నదా?" ఒక నవలలో నాయిక చచ్చిపోతే బుచ్చవ్వ కొన్నాళ్లు దుకాణం ఛాయలకే రాలేదు. వచ్చినరోజు వసంతనే తిట్టింది. "నువ్వన్న జర ఆపకపోతివి." వెంకట్రాం ఆ నవలలన్నీ విన్నాడు. మందు డబ్బాలు సర్దుతూ, బస్తాలు దింపిస్తూ, రైతులతో బేరమాడుతూ విన్నాడు. ఒక్కటీ చదవలేదు. చదవాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది? ఇంట్లో నుయ్యి ఉన్నవాడు నీళ్లకోసం బిందె పట్టుకుని తిరుగుతాడా?

ఆ గొంతు ఎప్పుడు ఆగిందో ఆలోచిస్తే సరిగ్గా చెప్పలేడు. ఫోను వచ్చిన కొత్తలో మందుల కంపెనీ గ్రూపు ఒక్కటే ఉండేది. తర్వాత ఊరి గ్రూపు, కులం గ్రూపు, పదో తరగతి వాళ్ల గ్రూపు, యుగేందర్ గ్రూపులు. వసంత చదువుతుంటే ఇతను ఊ కొట్టేవాడు, ఊ కొట్టాల్సిన చోట కాక ఇంకెక్కడో కొట్టేవాడు. ఆమె అలగలేదు. మెల్లగా పైకి చదవడం మానేసి లోలోపల చదువుకోసాగింది. ఒకే మంచం మీద ఆమె అటు తిరిగి, అతను ఇటు తిరిగి. కంటికి పొర మొదలై అక్షరాలు అలుక్కుపోతున్నాయన్నప్పుడు కూతురు హర్షిణి భూపాలపల్లి నుంచి పెద్ద ట్యాబు పట్టుకొచ్చింది. కరెంటు ప్లాంటులో ఇంజనీరు, అమ్మ కోసం జీతంలోంచి కొన్నది. అక్షరం ఇంత లావు చేసుకోవచ్చమ్మా అని చూపింది. వసంత నాలుగు రోజులు ప్రయత్నించి తిరిగి ఇచ్చేసింది. "పుస్తకంల ఉంటే పుస్తకంలనే ఉంట బిడ్డా. గిండ్ల ఎవలో ఒకలు వచ్చి తలుపు కొడుతనే ఉంటరు." మళ్లీ నవలే తీసి, వాకిట్లో ఎండకు కూర్చుని, పేజీని ముక్కుకు తాకించుకుంటూ వాక్యం వెంట వాక్యం నడిచింది. పెళ్లయిన కొత్తలో ఎక్కడికి పోయినా "నా కుడిపక్క నడువు" అనేది. ఆ పక్కనుంచి వచ్చే బండీ మనిషీ కనిపించవు కదా. ఏళ్లతరబడి అలాగే నడిచాడు. మొన్నొకసారి స్టేషన్ ఘన్‌పూర్‌లో పెళ్లికి పోయి వీధిలో నడుస్తుంటే, ఫోన్లోంచి తలెత్తి చూసేసరికి ఆమె గోడ పక్కకు జరిగి, కుడిచేత్తో గోడను తాకుతూ నడుస్తోంది. ఎప్పటినుంచి అలా నడుస్తోందో. ఫోను జేబులో వేసి గోడకూ ఆమెకూ మధ్యలో దూరాడు. "ఏంది, బ్యాటరీ అయిపోయిందా?" అని నవ్వింది. ఆ నవ్వులో ఒక్క ముల్లు ఉన్నా బాగుండేది, లేదు.

జేబు మళ్లీ వణికింది. వెంకట్రాం లేచాడు. ఊడ్చే చీపురు గోడకు ఆనించి వరండా చివర స్టూలు మీద కూర్చున్న ఆయమ్మ చిలుకమ్మ దగ్గరికి పోయి ఫోను చేతికిచ్చాడు. "అక్కా, జర నీ కాడ పెట్టుకో. ఎవలన్న చేస్తే ఆపరేషన్ అయితాందని చెప్పు. మా బిడ్డ హర్షిణి చేస్తే మాత్రం పిలువు." చిలుకమ్మ ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, "గంతేనా, ఇయ్యి" అని కొంగున ముడివేసుకున్నంత భద్రంగా ఒళ్లో పెట్టుకుంది. తిరిగొచ్చి కూర్చుని పుస్తకం మొదటి పేజీకి తిప్పాడు. మధ్యలో నీళ్లలో నిలబడ్డ మనిషిని మధ్యలో పలకరిస్తే ఏం చెబుతుంది? మొదటినుంచీ రావాలి.

చంద్రి మహబూబాబాద్ దిక్కు తండా పిల్ల. పత్తి ఏరే పనికి పోయి పదిహేను రోజులకు తిరిగొచ్చేసరికి కొట్టంలో ఎద్దు లేదు, గుంజకు పలుపు వేలాడుతోంది. బావ అమ్మేశాడు. ఎవరికి అని అడిగితే చెప్పడు. చంద్రి పలుపు భుజాన వేసుకుని అంగడి తర్వాత అంగడి వెతుకుతూ బయలుదేరింది. మొదటి రెండు పేజీలు వెంకట్రాంకు పొలంలో రాళ్లు ఏరినట్టుంది. చూపు పేజీ కిందికి జారిపోతుంది, చెయ్యి తనకు తెలియకుండానే జేబు తడుముతుంది, జేబు ఖాళీ, మళ్లీ పైకి. పెదాలు కదిపి చదివితే కొంచెం నిలిచింది. మూడో పేజీలో ఎద్దు నీళ్లు తాగే తీరు రాశారు. కుడితి గోలెంలో మూతి పెట్టేముందు ఒక్కసారి బుస్సుమని ఊదుతుంది, చెత్త తొలగించుకున్నట్టు, తర్వాతే తాగుతుంది. వెంకట్రాం చదవడం ఆపాడు. నాయిన దాపటెద్దు అచ్చం అలాగే ఊదేది. ఇది రాసిన మనిషి ఎవరో దాన్ని చూశారా ఏంది? ట్రాక్టర్ తెచ్చాక ఎద్దులను అమ్మేశారు, అమ్మినరోజు ఇంట్లో అందరూ ట్రాక్టర్ చుట్టూ పసుపు కుంకుమలతో తిరుగుతుంటే కట్టయ్య పొద్దుగూకగానే లేచి అలవాటుగా తవుడు కలిపి గోలెంలో పోసి, పోశాక గుర్తొచ్చి, కొట్టం గడప మీద కూర్చుండిపోయాడు. పక్కింటి బర్రెను తోలుకొచ్చి ఆ కుడితి తాగించింది వసంతే, "మామా, వృథా పోలేదు లే" అంటూ. ఇన్నేళ్లలో ఒక్కసారీ గుర్తురాని సంగతి. ఎక్కడుంది ఇంతకాలం? పుస్తకంలో లేదు, తనలోనే ఉంది, ఎవరో వచ్చి ఎద్దు మూతితో ఊదితే పైన పేరుకున్నది తొలిగింది.

చదువుతూ పోతుంటే లోపల నిశ్శబ్దమైంది. నిశ్శబ్దం కాగానే భయం వచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని దగ్గరికి రానివ్వలేదు. వచ్చినప్పుడల్లా ఫోను తీశాడు, ఓట్లు లెక్కపెట్టాడు, ఎవరో పెట్టిన పిల్లి వీడియోకు నవ్వాడు. ఇప్పుడు తీయడానికి ఏమీ లేదు. ఎలుతురు రాకపోతే? రేపటినుంచి వసంత రెండు చేతులూ గోడకు ఆనించి నడుస్తుందా? వాకిట్లో కుర్చీ ఉంటుంది, ఎండ ఉంటుంది, ఒళ్లో ఏం పెట్టుకుంటుంది? ట్రంకు పెట్టె మూత తీసి పుస్తకాలను వేళ్లతో తడిమి ఏది ఏదో పోల్చుకుంటుందా? లేచి పోదామనుకున్నాడు, లేవలేదు. చంద్రి కేసముద్రం అంగడిలోకి అడుగుపెడుతోంది. ఆమెకూ భయమే, ఎద్దు కనిపించకపోతే అని, కనిపించి గుర్తుపట్టకపోతే అని. అయినా నడుస్తోంది. ఆమె వెనకాలే నడిచాడు. వాక్యాలు ఎవరి గొంతులో వినిపిస్తున్నాయా అని చూస్తే వసంత గొంతే, మధ్యాహ్నపు దుకాణంలో, యూరియా బస్తాల నీడలోంచి.

వసంత తర్వాత లోపలికి పోయిన మంగీలాల్ అనే ముసలాయన కంటికి పట్టీతో నవ్వుకుంటూ బయటికొచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు, కొడుకు ఆటో తెచ్చేదాకా. ఆయన వెనకాల ఇంకొకామె వచ్చింది. వసంత రాలేదు. వెంకట్రాం లేచాడు. కౌంటర్ దగ్గరున్న నర్సు కళ్యాణిని అడిగితే "జర టైం పడ్తది అంకుల్, కూసోండి" అన్నది, తలెత్తకుండానే. ఎందుకు తలెత్తలేదు? వచ్చి కూర్చున్నాడు. అక్షరాలు చీమల్లా చెదిరిపోయాయి. వేలు పెట్టి ఒక్కో మాటా పట్టుకుంటూ, పెదాలు కదిలించి, అదీ చాలక చిన్నగా పైకి చదవసాగాడు, మునిగేవాడు తాడు పట్టుకున్నట్టు.

"గట్టిగ చదువు బిడ్డా. సగం ఇనవడ్తలేదు" అన్నాడు మంగీలాల్.

వెంకట్రాం చుట్టూ చూశాడు. సిగ్గేసింది. "ఇది కథ తాతా. ఒక పిల్ల ఎద్దును దేవులాడుకుంట పోతాంది."

"దొరుకుతదా?"

"నాకు గూడ ఎరికలేదు."

"మరి చదువయ్యా!"

చదివాడు. ఒత్తుల దగ్గర తడబడ్డాడు, ఒక పొడుగు వాక్యం చివరికి ఊపిరి అందలేదు, అయినా చదివాడు. అంగడిలో దళారి చంద్రిని వెక్కిరించిన చోట మంగీలాల్ "థూ, వాని మొకం" అన్నాడు. ఎదురు కుర్చీలో ఫోన్లో వంటల వీడియో చూస్తున్న ఆవిడ దాని గొంతు తగ్గించి, కాసేపటికి పూర్తిగా ఆపి, కొంగు సర్దుకుని వినసాగింది. వరండా చివర ఫోను మోగితే చిలుకమ్మ ఎత్తింది. "ఎవలు? తమ్మునివా? లోపల వదినెకు ఆపరేషన్ అయితాంది. అన్నా? అన్న చదువుకుంటాండు. ఆఁ, చదువుకుంటాండు బాబూ, ఏం పరీక్షో నాకేం ఎరిక?" వరండాలో నవ్వులు లేచాయి. వెంకట్రాంకూ నవ్వొచ్చింది, ఆ పొద్దున మొదటిసారి. మరోసారి మోగింది. చిలుకమ్మ ఈసారి ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. హర్షిణి. "బాపూ, ఫోనెత్తినామె చెప్పింది నిజమేనా? పుస్తకం చదువుతున్నవా? నువ్వా?" వెంకట్రాం "అవు బిడ్డా. ఇంక లోపలనే ఉన్నది అమ్మ. ఉత్తగ కూసుంటే పానం నిలుస్తలేదు" అన్నాడు. అటువైపు యంత్రాల హోరు. "చదువు బాపూ. డ్యూటీ దిగంగనే బస్సెక్కుత. అప్పటిదాంక చదువుతనే ఉండు" అన్నది హర్షిణి.

తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాగుకుని, "వసంత గారి తాలూకు ఎవరు?" అన్నాడు. పేజీలో వేలు పెట్టుకునే లేచాడు వెంకట్రాం. "పొర బాగా గట్టిపడింది, అందుకే ఆలస్యమైంది. బాగా వచ్చింది, భయం లేదు. రేపు పొద్దున పట్టీ తీద్దాం." వెంకట్రాం రెండు చేతులూ జోడించబోతే మధ్యలో పుస్తకం ఉంది, పుస్తకంతోనే దండం పెట్టాడు. వెనకనుంచి మంగీలాల్ "మంచిగైంది, మంచిగైంది" అని, ఒక్క క్షణం ఆగి, "మరి ఎద్దు సంగతేంది?" అన్నాడు.

వార్డులో వసంత వెల్లకిలా పడుకుని ఉంది. ఎడమ కంటి మీద తెల్లటి పట్టీ, కుడికన్ను ఎప్పటిలాగే పైకప్పుకేసి. ఇప్పుడు ఆమెకు రెండు వైపులా చీకటే. వెంకట్రాం చప్పుడు చేయకుండా పక్కన నిలబడ్డాడు. "మందు డబ్బాల వాసన వస్తాంది. నువ్వేనా?" అన్నది. "నేనే" అని చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. "పట్టీ కింద ఎర్రగ ఎలుతురు కొడుతాంది" అన్నది వసంత, గుసగుసగా, పొద్దున వేసుకున్న తేలిక గొంతు కాదు ఇది, "నాకు శాన భయమైంది లోపల. నీకు చెప్పలే." "నాకు గూడ" అన్నాడు. కిటికీ బయట ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది కాదంటోంది, మళ్లీ చేస్తున్నారు.

"చదివినవా?" అన్నది చివరికి.

"చదివిన."

"అబద్ధం."

"కేసముద్రం అంగడి దాంక వచ్చిన. దళారి ఆ పిల్లను ఎక్కిరిచ్చిండు. మంగీలాల్ తాత వాన్ని తిట్టిండు."

వసంత తల కొద్దిగా తిప్పబోయి, కదలొద్దన్నారని గుర్తొచ్చి ఆగింది. "కేసముద్రమా? అది మొదట్ల గద. నేను ఎప్పుడో దాటిన. మహదేవపూర్ కాడ వాగు దాటేతప్పుడు ఆగిన నేను."

"నేను మొదటికెళ్లి మొదలువెట్టిన. నడుమల నాకేం సమజ్ కాలే." కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, గొంతు సవరించుకుని, "వాగు కాన్నుంచి చదువుతా? నీకు కావల్సింది గది గద" అన్నాడు.

"వద్దు. కేసముద్రం కాన్నుంచే చదువు."

"అది నీకు ఎరికైందే గద."

"నాకు ఎరికే," అన్నది వసంత, "నీ గొంతుల ఎరికలేదు."

వెంకట్రాం పేజీ వైపు చూశాడు. అక్షరాలు తడిసి కనిపించాయి. తుడుచుకున్నాడు. ఆమె చేతిని వదలకుండా ఒక్క చేత్తో పుస్తకం తెరిచి పట్టుకోవడం కష్టమైంది, మోకాలికి ఆనించుకున్నాడు. వసంత పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. "తొందరేం లేదు," అన్నది, "నేను గా వాగు కాడనే ఆగుత. నువ్వు మెల్లగ రా."